క్రిస్మస్‌కి ఇంటి వంటల బుట్టలు: ఏం పెట్టాలి, ఎప్పుడు చెయ్యాలి, ఊళ్ళకి ఎలా పంపాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఈ క్రిస్మస్‌కి చుట్టాలకి బట్టలకి బదులు ఇంట్లో చేసిన పిండివంటలు, పచ్చళ్ళు బుట్టల్లో పెట్టి ఇవ్వాలనుకుంటున్నారు. పుట్టిల్లు, అత్తిల్లు కలిపి ఎనిమిది ఇళ్ళు. నాలుగు హైదరాబాదులోనే, మూడు గుంటూరు చుట్టుపక్కల, ఒకటి బెంగళూరులో. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి శని, ఆదివారాలే చేతిలో ఉన్నాయి. ఏమేం చెయ్యాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు. మా ఇంట్లో ఏటా డిసెంబరంతా ఇదే పని. చుట్టాలకే కాక చర్చిలో తెలిసినవాళ్ళకి కూడా చేసిపెడుతుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రకాల సంఖ్య తేల్చుకోండి. బుట్ట నిండుగా కనిపించాలని పది పన్నెండు రకాలు పెట్టాలనుకుంటారు చాలామంది. చేసేవాళ్ళకి నడుం పడిపోతుంది, తినేవాళ్ళకి ఏదీ తృప్తిగా అందదు. ఇంట్లో నలుగురుంటే తలా ఒక గులాబీ పువ్వు, తలా సగం కజ్జికాయ వస్తే ఏం బాగుంటుంది? ఐదు రకాలు చాలు. ప్రతిదీ ఇంటిల్లిపాదికీ రెండుసార్లు వచ్చేంత పెట్టండి. నేనైతే మీకు అరిసెలు, సున్నుండలు, గులాబీ పువ్వులు, జంతికలు, ఉసిరికాయ పచ్చడి చెప్తాను. హైదరాబాదులో ఉన్న నాలుగిళ్ళకి వీటితోపాటు చిన్న ప్లమ్ కేక్.

ఎందుకు ఇవే అంటే, నిల్వ కోసం. ఇచ్చిన రోజు బాగుంటే సరిపోదు. పండక్కి అందరిళ్ళల్లోనూ వంటలు ఉంటాయి, మీరిచ్చింది వాళ్ళు తెరిచేది 26నో 27నో. అప్పటికీ బాగుండాలి. ఆ లెక్కన చూస్తే పూతరేకులు చేత్తో తీసుకెళ్ళి ఇవ్వడానికే తప్ప పార్సిల్‌కి పనికిరావు, పొడైపోతాయి. పచ్చికొబ్బరితో చేసిన లౌజు, కజ్జికాయలు మూడు రోజులు దాటితే నమ్మలేం. కజ్జికాయలు పెట్టి తీరాలనుంటే ఎండుకొబ్బరి పొడి, పుట్నాల పొడి, దోరగా వేయించిన బొంబాయి రవ్వ, పంచదార పొడితో పూర్ణం చెయ్యండి, రెండు వారాలు ఉంటాయి. పప్పు చెక్కలు కూడా బాగుంటాయి కానీ, అందులో నానబెట్టి వేసిన శనగపప్పు లోపల పచ్చిగా ఉండిపోతే అక్కడే మెత్తబడి వాసన మొదలవుతుంది. మొదటిసారి చేస్తున్నారు కాబట్టి జంతికలే మేలు.

ఉసిరికాయ పచ్చడి నవంబరు ఆఖరి వారంలో పెట్టేయండి. అప్పటికి మార్కెట్లో పెద్ద ఉసిరికాయలు బాగా వస్తాయి. ఎనిమిది ఇళ్ళకి తలా పావుకిలో ఇవ్వాలంటే కిలోన్నర కాయలు సరిపోతాయి, చింతపండు గుజ్జు, నూనె, కారం, ఉప్పు కలిసేసరికి రెండు కిలోలు దాటుతుంది. కాయలు కడిగి గుడ్డతో తుడిచి, ఒక పూట నీడలో ఆరబెట్టాలి. నూనెలో మగ్గించేటప్పుడు మూత పెట్టకండి, పెడితే ఆవిరి తిరిగి నూనెలోనే పడుతుంది. వెల్లుల్లి వేస్తే పులుపు, ఉప్పు తగ్గించకూడదు, పచ్చడిని కాపాడేది అవే. నూనె పైన తేలుతోంది కదా అని ఉప్పు తక్కువ వేసేవాళ్ళు ఉన్నారు. అది రుచి సంగతి మాత్రమే కాదు, ఆరోగ్యం సంగతి. క్రిస్మస్ నాటికి ముక్క ఊరి, కారం ఘాటు తగ్గి, సరిగ్గా తినే స్థితికి వస్తుంది.

రొయ్యల పచ్చడి, చికెన్ పచ్చడి గురించి కూడా అడిగారు. పండగ రోజుల్లో వాటికున్న గిరాకీ నాకు తెలుసు. కానీ పార్సిల్‌లో పంపొద్దని గట్టిగా చెప్తాను. ముక్కలో తడి పూర్తిగా పోయేదాకా వేయించడం ఇంటి మూకుట్లో ప్రతిసారీ ఒకేలా కుదరదు. దగ్గరున్న ఇంటికి మీరే తీసుకెళ్ళి, ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పి ఇవ్వండి.

డిసెంబరు మొదటి శని, ఆదివారాల్లో సున్నుండలు. కిలో మినపప్పు, ముప్పావుకిలో బెల్లం, 400 నుంచి 500 గ్రాముల నెయ్యి. నిమ్మకాయ కన్నా కాస్త చిన్నగా చుడితే అరవై దాకా వస్తాయి, ఇంటికి ఏడెనిమిది. పొట్టు మినపప్పయితే రుచి ఎక్కువ, పిండి కాస్త ముదురు రంగులో ఉంటుంది. పప్పు సన్నని సెగ మీద లోపలిదాకా వేగాలి, రెండు గింజలు కొరికి చూస్తే తెలిసిపోతుంది. పచ్చి వాసన ఉంటే వారానికి అది ఇంకా పెరుగుతుంది. నెయ్యి మాత్రం ఇంట్లో కాచిందో, నమ్మకమైన చోట కొన్నదో వాడండి. ఈ మొత్తం బుట్టలో ఎక్కువ డబ్బు పోయేది నెయ్యి మీదే, అక్కడ తగ్గించుకుంటే మొదటి ఉండకే అందరికీ తెలిసిపోతుంది.

రెండో వారాంతం పెద్ద పని. శనివారం జంతికలు, గులాబీ పువ్వులు. ఆదివారం అరిసెలు. సాయం లేకుండా పెట్టుకోకండి. అమ్మనో, అత్తగారినో, ఆడపడుచునో ఆ రెండు రోజులకి పిలవండి. పిండివంటలు ఒక్కరు చేసేవి కావు, ఒకరు వత్తుతుంటే ఒకరు మూకుడు దగ్గర ఉండాలి.

జంతికలకి కిలోన్నర బియ్యప్పిండికి పావుకిలో శనగపిండి, పావుకిలో వేయించి పట్టించిన మినప్పిండి. నువ్వులు, వాము, ఉప్పు, కారం. వేడి నూనె రెండు గరిటెలు పిండిలో పోసి కలపండి, గుల్లగా వస్తాయి. వెన్న ఎక్కువైతే నూనెలోనే విరిగిపోతాయి, ప్రయాణానికి అస్సలు తట్టుకోవు. పార్సిల్‌కి వెళ్ళేవి చిన్న చుట్లుగా వత్తండి.

గులాబీ పువ్వులకి 300 గ్రాముల బియ్యప్పిండి, 200 గ్రాముల మైదా, 200 గ్రాముల పంచదార పొడి, రెండు గుడ్లు, చిక్కటి కొబ్బరిపాలు. అచ్చు సైజును బట్టి డెబ్బై దాకా వస్తాయి. పిండి గరిటె వెనక సన్నగా అంటుకునేంత జారుగా ఉండాలి. గుత్తి, అంటే పువ్వు అచ్చు, ముందు నూనెలో బాగా కాగాలి, తర్వాత పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పైదాకా మునిగిందంటే పువ్వు గుత్తిని వదలదు. కొత్త ఇనప గుత్తి కొంటే రెండు రోజులు నూనెలో ఉంచి, మొదటి నాలుగైదు పువ్వులు పోయినా ఫరవాలేదనుకుని మొదలుపెట్టండి. లేత బంగారు రంగు రాగానే తీసెయ్యాలి, బయటికి వచ్చాక ఇంకా రంగు తిరుగుతాయి. గుడ్డు తినని ఇళ్ళు ఉంటే వాళ్ళవి ముందుగా, కొత్త నూనెలో, గుడ్డు లేకుండా వేయించండి. తర్వాతే గుడ్డు కలిపిన పిండి.

ఇక అరిసెలు. మన పల్లెల్లో క్రిస్మస్ అంటే కేక్ కన్నా ముందు గుర్తొచ్చేవి ఇవి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో స్టార్ కట్టిన ప్రతి ఇంట్లోనూ అరిసెల పాకం వాసన వస్తుంది. హైదరాబాదులో పెద్ద ఇబ్బంది పిండి మర. తడి బియ్యం ఆడే మరలు తక్కువ, సంక్రాంతి ముందు దొరికినంత సులువుగా డిసెంబరు మొదట్లో దొరకవు. ముందే వెతికి మాట్లాడిపెట్టుకోండి. లేకపోతే మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లించుకోవాలి. రెండు కిలోల బియ్యం శనివారం ఉదయం నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చండి. ఆదివారం ఉదయం వడకట్టి గుడ్డ మీద పరిచి, చేత్తో పట్టుకుంటే తడి తెలిసేలా ఉండగానే ఆడించాలి. జల్లించిన పిండిని నొక్కి, తడిగుడ్డ కప్పి ఉంచండి. పిండి ఆరిపోతే అరిసె విరుగుతుంది, ఆ తర్వాత పాకంలో ఎంత జాగ్రత్త పడ్డా లాభం లేదు.

కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే వేళ్ళతో మెత్తటి ఉండ కట్టాలి, అంతకన్నా ముదరనివ్వకండి. నిల్వ ఉండాలని పాకం ముదరబెట్టేవాళ్ళు ఉన్నారు. ఉంటాయి నిజమే, కానీ పెద్దవాళ్ళు కొరకలేరు. దించి పిండి కలిపాక ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విచ్చుకుపోతే కాస్త పిండి కలపాలి, గట్టిగా వస్తే రెండు చెంచాల నెయ్యి వేసి మెదపాలి. తీసిన ప్రతి అరిసెనీ చెక్కల మధ్య గట్టిగా నొక్కి నూనె పిండెయ్యండి. నొక్కడంలో బద్ధకిస్తే పది రోజులకి పాత నూనె వాసన వేస్తుంది. కిలోకి నలభై చొప్పున ఎనభై వస్తాయి, ఇంటికి పది.

ఒకసారి వేయించిన నూనెని మరుసటి రోజు వంటలకి వాడకండి. మిగతా ఏ ఖర్చు తగ్గించినా ఫరవాలేదు, నెయ్యి, నూనె తప్ప. మబ్బు పట్టిన రోజు, వాన రోజు వీలైతే మూకుడు పెట్టొద్దు. డిసెంబరు పొడిగా ఉంటుందనుకుంటాం కానీ కోస్తాకి ఆ నెలలోనూ తుఫాన్లు వస్తాయి. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. అందుకే మీ లెక్కలో ఒక ఖాళీ వారాంతం లేకపోయినా కనీసం రెండు సాయంత్రాలు మిగుల్చుకోండి.

ఇప్పుడు ప్యాకింగ్. వంట బాగా చేసేవాళ్ళు కూడా దెబ్బతినేది ఇక్కడే. ఏ వంటైనా పూర్తిగా చల్లారాలి, చెయ్యి పెడితే గోరువెచ్చన కూడా ఉండకూడదు. సాయంత్రం వేయించినవి రాత్రంతా పల్చటి గుడ్డ కప్పి ఉంచి పొద్దున డబ్బాకెత్తితే సరిగ్గా ఉంటుంది. వేడి మీద మూత పెడితే ఆ ఆవిరి నీరై వంటల మీదే దిగుతుంది. బూజుకి మొదటి కారణం అదే.

రెండోది ఇంకా ముఖ్యం. మెత్తటివీ కరకరలాడేవీ ఒకే డబ్బాలో పెట్టకూడదు. అరిసెలో ఉన్న తడి మూసిన డబ్బాలో జంతికల్లోకి పాకుతుంది. రెండు రోజులకి జంతికలు మెత్తబడతాయి, అరిసెలు గట్టిపడతాయి. రెండూ చెడతాయి. వాసనలు కూడా అంతే. వెల్లుల్లి కారం పొడి పక్కన పెట్టిన కేక్ ఎవరూ తినలేరు. కాబట్టి బుట్ట ఒకటే అయినా లోపల ప్రతి రకానికీ విడి డబ్బానో, అతికించిన మందపాటి కవరో ఉండాలి. అరిసెల మధ్య బటర్ పేపర్ వెయ్యండి. న్యూస్ పేపర్ వద్దు, ఆ సిరాలో సీసం లాంటివి ఉంటాయి, నూనె వంటలకి ఇట్టే అంటుకుంటుంది. ఆహారాన్ని న్యూస్ పేపర్‌లో చుట్టకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఎన్నోసార్లు చెప్పింది.

బుట్టల విషయంలో నా ఇష్టం చెప్తాను. ప్లాస్టిక్ కాగితం, రిబ్బను చుట్టిన షాపు బుట్టలు ఒక్కసారికే. హైదరాబాదు ఇళ్ళకి వెదురు బుట్టనో, తాటాకు బుట్టనో తీసుకోండి, తర్వాత ఉల్లిపాయలకైనా వాడుకుంటారు. పైన కప్పడానికి నరసాపురం లేసు గుడ్డ ఒకటి వేస్తే ఎంత అందంగా ఉంటుందో. ఆ లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకి వచ్చింది, ఇప్పటికీ అక్కడి ఆడవాళ్ళు ఇళ్ళల్లో అల్లుతారు. మన క్రిస్మస్ బుట్టకి ఇంతకన్నా తగిన గుడ్డ నాకు తోచదు. ఊళ్ళకి వెళ్ళేవాటికి మాత్రం బుట్ట ఆశ పెట్టుకోకండి. గట్టి అట్టపెట్టె, లోపల రేకు డబ్బాలు.

గుంటూరు వైపు మూడిళ్ళకి ఆర్టీసీ కార్గో బాగుంటుంది, రాత్రి బస్సుకి వేస్తే సాధారణంగా మర్నాటికి చేరుతుంది. అయితే బస్టాండు కౌంటరుకి వెళ్ళి తెచ్చుకోవాల్సి రావచ్చు. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటే ఎవరు వెళ్తారో ముందే కనుక్కోండి. లేదా మూడూ ఒకరి పేరునే పంపి, వాళ్ళ చేత పంచమనండి. బెంగళూరుకి కొరియరో స్పీడ్ పోస్టో. రెండో వారాంతం ముగిసిన సోమవారమే పంపేయండి. 18 దాటితే అన్నిచోట్లా రద్దీ, పార్సిల్ ఎక్కడో గోడౌన్‌లో కూర్చుంటుంది, మీకు టెన్షన్. పచ్చడి తీసుకుంటారో లేదో కొరియర్ వాళ్ళని ముందే అడగండి, నూనె కారుతుందని కొందరు ఒప్పుకోరు. గాజు సీసా వద్దు. వంటకి పనికొచ్చే ప్లాస్టిక్ సీసాలో ముప్పావు వంతే నింపి, మూత కింద పల్చటి ప్లాస్టిక్ పొర వేసి బిగించి, చుట్టూ టేపు వేసి, జిప్ కవర్లో పెట్టండి. వంటల పెట్టెలో కాకుండా వేరే చిన్న పెట్టెలో పెడితే ఇంకా నిశ్చింత. పెట్టె మూసే ముందు ఒకసారి ఊపి చూడండి. లోపల గలగల వినిపిస్తే ఖాళీల్లో ఇంకా కాగితం కుక్కాలి.

అమెరికాలో ఉన్న తమ్ముడికి ఎవరైనా వెళ్తుంటే పంపాలని కూడా రాశారు. అరిసెలు, జంతికలు, పొడులు మామూలుగా అందరూ తీసుకెళ్తారు, అక్కడ దిగాక తిండి పదార్థాలు ఉన్నాయని ఫారంలోనో నోటితోనో చెప్పాలి. మాంసం, చికెన్ పచ్చళ్ళు వద్దు, తీసేసుకుంటారు. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలో అసలు ఎక్కనివ్వరు.

మూడో వారాంతం కేకులకే. డ్రై ఫ్రూట్స్ రమ్ములో నానబెట్టే ఇళ్ళు ఉన్నాయి. కానీ మన చర్చి సంఘాల్లో చాలామంది మద్యం వాసన కూడా ఒప్పుకోరు, అందరికీ ఒకేలా చెయ్యాలంటే నారింజ రసమే మంచిది. కిస్‌మిస్, నల్ల ద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ రసంలో ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. రమ్ములాగా వారాల తరబడి ఉంచకూడదు, పులిసిపోతుంది. పంచదార మాడ్చిన కారమెల్ నీళ్ళే ఆ ముదురు రంగుకి ఆధారం, పంచదార నల్లబడితే చేదు వస్తుంది కాబట్టి ఎర్రటి తేనె రంగు దాటనివ్వకండి. నీళ్ళు పోసేటప్పుడు చిమ్ముతుంది, దూరంగా ఉండండి. ఈ రసం కేక్ డిసెంబరు చలిలో బయట నాలుగైదు రోజులు ఉంటుంది. 20నో 21నో చేసి, 22, 23ల్లో ఇచ్చెయ్యండి, మిగతావాటిలా 26 దాకా ఉంచకుండా పండగ లోపే తినమని చెప్పండి. 24 సాయంత్రం నుంచి అందరూ చర్చిలోనే ఉంటారు.

ఒక్కో బుట్టనీ ఆ ఇంటిని తలచుకుని సర్దండి, అందరికీ అచ్చు ఒకేలా కాకుండా. మీ మామగారికి షుగరని రాశారు. బెల్లంతో చేశాం కదా ఫరవాలేదని సున్నుండలు పెట్టకండి, బెల్లం కూడా చక్కెరను పెంచేదే. వాళ్ళ బుట్టలో తీపి సగం తగ్గించి కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన బాదం పెట్టండి. పళ్ళు లేనివాళ్ళకి జంతికలు ఎందుకు, ఆ చోట ఇంకో నాలుగు సున్నుండలు. చంటిపిల్ల ఉన్న ఇంటికి తేనె కలిసినవి వద్దు, ఏడాది నిండని బిడ్డకి తేనె పెట్టకూడదు. నాలుగేళ్ళలోపు పిల్లలున్నచోట జీడిపప్పు, వేరుశనగ గింజలు విడిగా పెట్టకండి, గొంతులో అడ్డుపడతాయి.

మీ పెదనాన్నగారి ఇల్లు హిందూ కుటుంబమని, వాళ్ళకి ఇవ్వడం బాగుంటుందా అని అడిగారు. తప్పకుండా ఇవ్వండి, సంక్రాంతికి వాళ్ళ అరిసెలు మీ ఇంటికి రావా? రెండు సంగతులు మాత్రం చూసుకోండి. ధనుర్మాసం డిసెంబరు నడుమ మొదలవుతుంది, ఆ నెలలో గుడ్డు ముట్టని ఇళ్ళు ఉంటాయి. ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుని ఉంటే వాళ్ళు బయట వండినవి తినరు. అలాంటి ఇంటికి ఇప్పుడు పళ్ళు, డ్రై ఫ్రూట్స్ ఇచ్చి, మాల తీశాక మీ పచ్చడి సీసా పంపండి.

ప్రతి డబ్బా మీదా పేరు, చేసిన తేదీ, ఎప్పటిలోపు తినాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. అరిసెలు, సున్నుండలు, జంతికలకి చేసిన రోజు నుంచి మూడు వారాలు, గులాబీ పువ్వులకి రెండు వారాలు, కేక్‌కి ఐదు రోజులు రాస్తే చాలు. గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు ఏది ఉన్నా అదీ రాయాలి. పచ్చడి సీసా మీద "పొడి చెంచా వాడండి" అని రాసి, వీలైతే ఒక చిన్న చెక్క చెంచా కట్టండి.

పిండి మర సంగతి మాత్రం ఈ వారమే కనుక్కోండి. అది తేలకపోతే అరిసెల బదులు గవ్వలు పెట్టుకోవచ్చు, పిండి బజారులో దొరుకుతుంది, బెల్లం పాకం పట్టిస్తే మూడు వారాలు ఉంటాయి. కొలతలు కావాలంటే అడగండి, రాస్తాను.